విచారణలో ఉన్న తోటకూర

డాక్టర్ జోగినాథం జీవితంలో చేసిన పెద్ద తప్పు ఒక్కటే. చైర్మన్ గారికి అర్థమయ్యేలా చెప్పాడు.

అర్థం కాకుండా చెప్పి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. వర్షజల నాణ్యతా మండలిలో అర్థం కాని నివేదికలకున్న మర్యాద అర్థమయ్యేవాటికి లేదు. అర్థం కానిదాన్ని కాదనడానికి ఎవరికీ ధైర్యం చాలదు కనుక, చివర ఉన్న సిఫారసుల మీద కళ్ళు మూసుకుని సంతకం పెట్టేస్తారు. అర్థమైందా, ఇంక ప్రతివాడికీ ఒక అభిప్రాయం పుడుతుంది. జోగినాథం ఈ సంగతి తెలియని అమాయకుడేం కాదు. కాని మనిషన్నాక ఏదో ఒక బలహీనత ఉంటుంది, ఆయన బలహీనత ఉపమానం. పెళ్ళిచూపుల్లో కూడా నీలవేణికి కణవిభజన గురించి దోసెల పిండితో పోల్చి చెప్పాడు. అంతా విని కూడా ఆవిడ పెళ్ళికి ఒప్పుకుందంటే ఆవిడ సహనం ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

మండలి గురించి కూడా ఒక ముక్క చెప్పుకోవాలి. వాన పాడవకుండా ఆపడం దాని పని కాదు. పాడైన వాన పడ్డాక, అవును, పాడైందని ధ్రువీకరించడం దాని పని. ఆ పనిని అది ఎన్నో ఏళ్ళుగా ఏ మచ్చా లేకుండా చేస్తోంది.

మచ్చలన్నీ కూరలవలసలో ఉన్నాయి. కొండకి ఇవతల ఉన్న చిన్న ఊరది. తోటకూర, పాలకూర, చుక్కకూర, గోంగూర తప్ప ఆ మట్టిలో వాళ్ళు ఇంకేం పండించరు. విత్తనం చల్లితే నెల తిరిగేసరికి కట్టలు కట్టి సంతకి మోసుకుపోతారు. కొండ పక్కన ఫ్యాక్టరీ వచ్చాక దాని గొట్టంలోంచి గంధకం పొగ లేచి, మబ్బులో కలిసి, వానై తిరిగి ఈ మళ్ళలోనే దిగుతోంది. ఆ వాన నిమ్మరసానికి దగ్గర చుట్టం. ఆకు మీద చుక్క పడ్డచోటల్లా తుప్పు రంగు మచ్చ. నాలుగు వానలు పడితే ఆకంతా జల్లెడ.

దాలమ్మ అనే ఆవిడ ఒకరోజు గంపెడు తోటకూర నెత్తిన పెట్టుకొచ్చి జోగినాథం బల్ల మీద కుమ్మరించింది.

"డాట్రు బావూ, సూడండి. సంతకి ఒట్టుకెల్తే మారుబేరగాడు ముట్టుకోడు. ఈ కూరకి అమ్మోరు పోసిందేటే అంటన్నాడు. ఈ ఏడు కూడా ఇలగే పోతే బూవి అమ్మీసి పట్నంలో ఇటకలు మొయ్యాల. మాకు డబ్బులొద్దు, బియ్యవొద్దు. ఆ గొట్టానికేదో జల్లెడ లాటిది కడతారంట కదా. అది కట్టించండి, సాలు."

జోగినాథం ఆ మచ్చల ఆకుని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. మంచివాడు, పైగా మొక్కల జన్యుశాస్త్రం చదువుకున్నవాడు. "నువ్వు చెబితే వినరమ్మా, నేను చెప్పినా వినరు. సైన్సు చేత చెప్పిస్తాను," అని మాటిచ్చాడు.

మాట ప్రకారం ఏడాదిపాటు ఒళ్ళు వంచి పనిచేశాడు. కొన్ని తోటకూర మొక్కల మీద మంచి నీళ్ళు, కొన్నిటి మీద ఆమ్లం కలిపిన నీళ్ళు చల్లి, ఆకులు నూరి, లోపల ఏ జన్యువు ఎప్పుడు పనిచేస్తోందో ఏది మానేసిందో పట్టిక వేశాడు. మొక్క నోరు లేని జీవి అంటారు గాని, లోపల అది పెట్టే గోల అంతా ఇంతా కాదు. ఆ గోలనంతా మూడొందల పేజీల్లో పెట్టి, ఫ్యాక్టరీ గొట్టానికి పొగ కడిగే యంత్రం తక్షణమే బిగించాలి అని చివర్న సిఫారసు రాసి, నివేదికని చైర్మన్ గారి ముందు ఉంచాడు. అక్కడితో నోరు మూసుకుని ఊరుకున్నా సరిపోయేది.

చైర్మన్ త్రివిక్రమరావు గారు అనేక శాఖలు ఏలి వచ్చిన మనిషి. ఏ శాఖకి వెళ్ళినా ఆయన ఒక్కటే యుద్ధం చేశాడు, భోజనాల తర్వాత నిద్రపోయే సిబ్బందితో. ప్రతిచోటా ఓడిపోయాడు. ఆ ఓటమి బాధతోనే వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాలకు అలవాటుపడ్డాడు. కార్లో అవే, స్నానాల గదిలో అవే. ఆయన బల్ల మీద అద్దం కింద 'ఒత్తిడిలోనే వజ్రం పుడుతుంది' అని రంగుల్లో రాసి ఉంటుంది.

"జన్యువులంటే ఎవరండీ? మన మండలి పరిధిలోకి వస్తారా?" అని అడిగాడాయన నివేదిక తిరగేస్తూ.

ఇక్కడే జోగినాథంలో ఉపమానం నిద్ర లేచింది.

"మొక్కని ఒక ఆఫీసు అనుకోండి సార్. జన్యువులు అందులో సిబ్బంది. వేల మంది ఉంటారు. మామూలు రోజుల్లో చాలామంది నిద్రపోతూంటారు..."

"ఆఫీసే. అనుమానం లేదు," అన్నాడు చైర్మన్.

"ఆమ్ల వర్షం పడగానే వాళ్ళందరూ దిగ్గున లేస్తారు సార్. ఒకళ్ళు విషాన్ని విరిచే ఎంజైములు తయారు చేస్తారు, ఒకళ్ళు పాడైన ప్రొటీన్లకి మరమ్మతు చేస్తారు, ఒకళ్ళు కణం గోడలు గట్టి చేస్తారు..."

చైర్మన్ గారి చేతిలోని పెన్ను జారి కింద పడింది.

"నిద్రపోయేవాళ్ళు లేచారా?"

"లేచారు సార్."

"మెమో ఇవ్వకుండా?"

"వాళ్ళంతట వాళ్ళే."

"యూనియన్ ఏమీ అనలేదా?"

"వాళ్ళకి యూనియన్ లేదు సార్. కాని అసలు బాధ ఏమిటంటే, అందరూ కాపలాకి పోతే ఎదుగుదల చూసుకునే జన్యువులు మూలపడతాయి. ఇంటి మీద దొంగలు పడ్డప్పుడు పొయ్యి ఎవరు వెలిగిస్తారు చెప్పండి? మొక్క గిడసబారిపోతుంది. ఎన్నాళ్ళని పోరాడుతుంది, చివరికి..."

చివరికి ఏమవుతుందో చైర్మన్ గారు వినలేదు. కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి, కనపడని ఫ్యాక్టరీ వైపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జీవితమంతా వెతికిన మందు ఇన్నాళ్ళకి దొరికింది మరి.

వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది.

"డాక్టర్ జోగినాథం గారి విశిష్ట పరిశోధన మూలమున, మండలి పరిధిలోని యావత్ వృక్షజాతి యందు నిద్రాణముగా నున్న జన్యు సిబ్బందిని జాగృతపరచుటలో ఆమ్ల వర్షము గణనీయమైన పాత్ర పోషించుచున్నట్లు రూఢి అయినందున, ఇకమీదట సదరు వర్షమును కాలుష్యముగా పేర్కొనరాదనియు, 'ఆమ్ల ప్రేరణ'గా వ్యవహరించవలెననియు ఇందుమూలముగా ఆదేశించడమైనది."

జోగినాథం ఇంటికొచ్చి ఆ కాగితాన్ని నీలవేణికి చూపించాడు. ఆవిడ బియ్యం ఏరుతూ చదివింది.

"ఏమండీ, ఈసారి ఏమని పోల్చారు?"

"ఆఫీసని."

"దోసెల పిండితోనే సరిపెట్టుకోకపోయారా!" అందావిడ.

అక్కడ ఫ్యాక్టరీ మేనేజరు భక్తవత్సలానికి అసలు విషయం తెలియదు. నివేదిక వెళ్ళిందని విని, ఎలాగూ తప్పదనుకుని, పొగ కడిగే యంత్రానికి అంచనా కాగితాలన్నీ సిద్ధం చేసుకుని మండలికి వచ్చాడు. గుమ్మంలోనే చేతులు జోడించాడు. చైర్మన్ గారు ఎదురొచ్చి ఆయనకి శాలువా కప్పాడు. దండ వేశాడు. ఫోటో తీయించాడు.

"ఇన్నాళ్ళూ మిమ్మల్ని అపార్థం చేసుకున్నామండీ. మీరు చేస్తున్నది మానవ వనరుల అభివృద్ధి. మొక్కలే అయితేనేం."

మేనేజరు శాలువా అంచు పట్టుకుని జోగినాథం వైపు అనుమానంగా చూశాడు. వల వేసి పట్టడానికి ఇదేదో కొత్త పద్ధతి కాబోలనుకున్నాడు.

"పొగ ఇంకొంచెం చిక్కగా వదలగలరా?" అన్నాడు చైర్మన్.

"ప్రయత్నిస్తాం సార్," అన్నాడు మేనేజరు. ఒక్క క్షణం ఆగి, "ఆ మాట రాతపూర్వకంగా ఇప్పిస్తారా?" అని వినయంగా అడిగాడు.

ఇప్పించారు. అంచనా కాగితాలు వచ్చిన సంచీలోనే వెనక్కి వెళ్ళిపోయాయి.

మండలి ఒకసారి మేలుకుందంటే మళ్ళీ పడుకోబెట్టడం బ్రహ్మతరం కాదు. కొండకి అవతల ఎగువగూడెం అని ఒక ఊరుంది. గాలివాటం వల్ల పొగ అటు పోదు. అక్కడ మంచి వాన పడుతుంది, మంచి ఆకు పండుతుంది. మండలి బృందం వెళ్ళి ఆకులు కోసి పరీక్షించి, అక్కడి జన్యువులు హాయిగా నిద్రపోతున్నాయని తేల్చి, ఆ ఊరిని 'జన్యుపరంగా వెనుకబడిన ప్రాంతం'గా ప్రకటించింది. వెనుకబడిన అన్న మాట వినపడగానే అక్కడి సర్పంచి ఏదో పథకం వస్తోందనుకుని మర్నాడే రోడ్డు మీద బైఠాయించాడు. "పొగంతా కూరలవలసకేనా? మా మొక్కలు మొక్కలు కావా?" అని నినాదాలు. ఆయన గోడు విని మండలి చలించిపోయి, ట్యాంకరుతో ఆమ్లపు నీళ్ళు పంపి ఊరంతా పిచికారీ చేయించింది. మర్నాటికి ఎగువగూడెం ఆకులకీ అమ్మోరు పోసింది. సర్పంచి ఆ తర్వాత చాలాకాలం ఎవరికీ కనపడలేదు.

చైర్మన్ గారి బంగళాలో గులాబీలకి మాత్రం పైన అద్దాల కప్పు వేశారు. అదేమని ఆఫీసులో ఎవరో గుసగుసలాడితే సూపరింటెండెంట్ కామేశం జవాబు చెప్పాడు, అవి బయట రాష్ట్రం నుంచి డెప్యుటేషన్ మీద వచ్చిన గులాబీలనీ, వాటికి ఇక్కడి నిబంధనలు వర్తించవనీ. కామేశానికి సర్వీసు నిబంధనలు మొత్తం కంఠోపాఠం. నిద్రలో లేపి అడిగినా అధ్యాయంతో సహా చెబుతాడు. ఆఫీసులో ఆయన్ని ఏదైనా అడగాలంటే మామూలుగా నిద్రలోంచి లేపే అడగాలి.

మధ్యలో ఫ్యాక్టరీలో ఏదో గొట్టం పగిలి కొన్నాళ్ళు మూతపడింది. ఆ రోజుల్లోనే కూరలవలసలో మంచి వాన పడింది. ఎన్నాళ్ళకో తోటకూర నవనవలాడుతూ లేచింది. ఆడవాళ్ళు మళ్ళలో దిగి పాటలు పాడుకున్నారు. మండలి అదే రోజు ఫ్యాక్టరీకి సంజాయిషీ నోటీసు పంపింది. "ముందస్తు సమాచారం లేకుండా ప్రేరణ నిలిపివేసి, మొక్కలను సోమరితనమునకు గురిచేసినందులకు మీపై ఏల చర్య తీసుకొనరాదో తెలుపవలెను." మేనేజరు భయపడిపోయి, పోయిన పొగకి బదులుగా పై నెలలో రెట్టింపు వదులుతానని హామీ రాసిచ్చాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు కూడా.

రెట్టింపు పొగకి రెట్టింపు వాన పడ్డాక దాలమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి గంప లేదు. బల్ల ముందు నిలబడి, గోడకి తగిలించిన ఫోటో వైపు చూసింది. శాలువా కప్పుకున్న మేనేజరు, పక్కన చైర్మన్, వెనకాల బిక్కమొహంతో జోగినాథం.

"బావూ, ఆ గొట్టానికి జల్లెడ కట్టమన్నాను. మీరు గొట్టానికి దండేసినారు."

జోగినాథం లేచి ఆ ఫోటోని గోడవైపు తిప్పేశాడు.

"మా పక్కింటోలు బూవి బేరం పెట్టీసినారు. ఫేట్రీవోలే కొంటారంట. నాకూ కబురెట్టినారు. ఏటి సెప్పమంటారు?"

"ఒక్క పంట ఆగు దాలమ్మా."

"ఆగడానికేటి, ఆగుతాను. కూర ఆగద్దా?" అని ఆవిడ వెళ్ళిపోయింది.

ఆ రోజు జోగినాథానికి అన్నం సయించలేదు. తను రాసిన ప్రతి మాటా నిజమే. ఆ నిజాలే ఒక్కొక్కటీ వెళ్ళి ఆవిడ మడిలో యాసిడ్ చుక్కలై పడుతున్నాయి. దొంగ నివేదిక రాసినవాడు కూడా ఇంత నష్టం చెయ్యలేడు. తనమీద తనకే అసహ్యం వేసింది. నివేదికలో మిగిలిన సగం చదవండి మహాప్రభో అని చైర్మన్ గారి గది చుట్టూ తిరిగాడు. "నెగెటివ్ ఆలోచనలు వద్దు డాక్టర్ గారూ," అని చైర్మన్ గారు ఒక ఉపన్యాసం క్యాసెట్ ఇచ్చి పంపించాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊది లాభం లేదని తెలిశాక, ఆయన చెవికి వినపడే భాషలోనే మాట్లాడదామనుకున్నాడు జోగినాథం. కూరలవలస జన్యువులన్నీ రెట్టింపు పొగ మొదలైనప్పటి నుంచి వారాంతపు సెలవు కూడా లేకుండా, రాత్రనక పగలనక విధుల్లో ఉన్నాయనీ, కనుక వాటికి కొంతకాలం సంపాదిత సెలవు మంజూరు చేసి, ఆ కాలంలో ఆమ్ల ప్రేరణ నిలిపివేయాలనీ ఒక నోటు పెట్టాడు. పెట్టి, కామేశాన్ని లేపాడు.

కామేశం నోటు చదివి మెచ్చుకోలుగా తలాడించాడు. "భాష బాగుందండీ. కాని కుదరదు. సెలవును హక్కుగా కోరరాదు. మొదటి వాక్యమే అది. పైగా మొక్కలు స్వయంగా దరఖాస్తు పెట్టుకోవాలి, సంతకం లేనిదే ముట్టుకోను."

"మొక్కలు సంతకం ఎలా పెడతాయి?"

"వేలిముద్రయినా సరే," అని కామేశం మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

ఇలా ఉండగా చైర్మన్ గారికి ఇంకో ఆలోచన వచ్చింది. ఇంత బాగా పనిచేస్తున్న సిబ్బందిని సన్మానించకపోతే ఎలా? 'ఉత్తమ సేవా జన్యు పురస్కారం' అని ఒకటి పెట్టి, కూరలవలసలో దాలమ్మ మడి ముందే సభ ఏర్పాటు చేశాడు. ఆ మడిలో జన్యువులు అన్నిటికంటే ఎక్కువ హడావిడిగా ఉన్నాయని లెక్కల్లో తేలింది. షామియానా వేశారు. మైకు పెట్టారు. పత్రికలవాళ్ళని పిలిచారు. మొక్క మెడలో వెయ్యడానికి వీలుగా చిన్న రిబ్బనుతో పతకం చేయించారు. మేనేజరు కూడా శాలువా కప్పుకుని ముందు వరసలో కూచున్నాడు. ఆ శాలువా ఆయనకి అలవాటైపోయింది.

సభ ముందు రోజు గట్టి వాన పడింది. చైర్మన్ గారు పతకం పట్టుకుని మడిలోకి దిగేసరికి తోటకూర మొత్తం నేలకి వాలిపోయి ఉంది. ఆయన వంగి ఒక మొక్కని పైకి లేపాడు. వదలగానే పడిపోయింది. ఇంకోదాన్ని లేపాడు. అదీ పడిపోయింది. గట్టు మీద దాలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. పత్రికలవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు.

చైర్మన్ గారి మొహం కందగడ్డయింది.

"డాక్టర్! ఏమిటిది? మన లెక్క ప్రకారం వీళ్ళు రాష్ట్రంలోకెల్లా చురుకైన సిబ్బంది!"

జోగినాథం ఒక ఆకు తుంచి చూశాడు. పరీక్ష కూడా అక్కర్లేదు, చూస్తేనే తెలుస్తోంది. పోరాడి పోరాడి లోపల ఎవరికీ ఓపిక లేదు. కాపలా జన్యువులు కూడా చేతులెత్తేశాయి. చచ్చిపోతున్నాయి సార్, అని చెప్పడానికి నోరు తెరిచాడు. తెరిచి, కిందటిసారి నిజం చెబితే ఏమైందో గుర్తొచ్చి ఆగాడు. దాలమ్మ ఆయన వైపే చూస్తోంది. ఆవిడ అడిగిన జల్లెడ, ఆయన ఇచ్చిన మాట, ఎదురుగా ఈ పతకం. ముల్లుని ముల్లుతోనే తియ్యాలి.

"నిద్రపోతున్నాయి సార్," అన్నాడు గట్టిగా, పత్రికలవాళ్ళకి కూడా వినపడేలా.

"నిద్రా?"

"విధి నిర్వహణలో ఉండగానే సార్. ఎంత ప్రేరణ ఇచ్చినా లేవలేదు. అనుమతి కూడా తీసుకోలేదు."

నలభై ఏళ్ళ పాత గాయం రేగింది చైర్మన్ గారికి. ఇక్కడ కూడానా! చివరికి తోటకూర కూడానా! పతకం జేబులో కుక్కుకుని మైకులో అరిచాడు.

"సస్పెండ్ చెయ్యండి! ఊళ్ళో ఉన్న మొక్కలన్నిటినీ సస్పెండ్ చెయ్యండి!"

ఆ అరుపుకి షామియానా నీడలో కామేశం మేలుకున్నాడు. సస్పెన్షన్ అన్న మాట చెవిన పడితే చాలు, ఆయన నోట నిబంధన దానంతటదే వస్తుంది.

"సస్పెన్షన్ అమలులో నున్న కాలమున సదరు సిబ్బందిచే ఎట్టి విధులునూ నిర్వర్తింపజేయరాదు."

"చేయించకండి! ఎవడు చేయించమన్నాడు?"

"అలా అయితే వీటి మీద ఆమ్లం పడకూడదు సార్," అన్నాడు జోగినాథం మెల్లిగా. "పడితే జన్యువులు లేస్తాయి. లేస్తే డ్యూటీ చేసినట్టే. డ్యూటీ చేయించుకుని సస్పెన్షన్ అంటే కోర్టులో నిలవదు."

కోర్టు మాట వినేసరికి చైర్మన్ గారు చల్లబడ్డాడు. ఇదివరకు ఆయన సస్పెండ్ చేసిన ప్రతివాడూ కోర్టుకెళ్ళి ఇలాంటి లొసుగు పట్టుకునే గెలిచి, ఆయన గుమ్మం ముందే టపాసులు కాల్చి వెళ్ళాడు. ఇంకోసారి, అందులోనూ తోటకూర చేతిలో ఓడిపోవడం ఆయన వల్ల కాదు. వెనక్కి తిరిగి ముందు వరసలో ఉన్న మేనేజరుని పట్టుకున్నాడు.

"ఏమయ్యా, సస్పెన్షన్‌లో ఉన్న సిబ్బంది మీద ఇంక ఒక్క చుక్క పడిందంటే మీ ఫ్యాక్టరీకి తాళం!"

"రాతపూర్వకంగా..." అని మొదలుపెట్టాడు మేనేజరు.

"ఇస్తాను! ఇప్పుడే ఇస్తాను!"

పాపం భక్తవత్సలం శాలువా తీసి మడత పెట్టి చంకలో పెట్టుకున్నాడు. పాత సంచీ వెతికి అంచనా కాగితాలు బయటికి తీశాడు. అప్పటిదాకా ఫ్యాక్టరీ ఆపించి, రెండు నెలలు తిరిగేసరికి పొగ కడిగే యంత్రం గొట్టానికి బిగించాడు. గొట్టంలోంచి ఇప్పుడు తెల్లటి ఆవిరి వస్తోంది. ఆ తర్వాత కూరలవలసలో మొదటిసారి మామూలు వాన పడినరోజు దాలమ్మ గట్టు మీద నిలబడి, తడుస్తూ, చేతిలోకి నీళ్ళు పట్టుకుని నాలిక మీద వేసుకుని చూసింది. పుల్లగా లేవు. ఆవిడ పక్కింటివాళ్ళు భూమి బేరం మానుకున్నారు.

ఇక్కడితో కథ కంచికి వెళ్ళాల్సిందే గాని, సస్పెన్షన్ అన్నాక విచారణ ఉంటుంది కదా. విచారణ ముగిస్తే మొక్కల్ని మళ్ళీ విధుల్లోకి తీసుకోవాలి. అంటే యంత్రం తీసెయ్యాలి. విచారణాధికారిగా చైర్మన్ గారు ఎవరిని వేశారంటే, మొక్కల స్వభావం బాగా ఎరిగినవాడు కనుక డాక్టర్ జోగినాథాన్ని.

జోగినాథం పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఫైలు కూడా ఆలస్యం చెయ్యని మనిషి. ఆయనకి కామేశమే గురువయ్యాడు. నేరారోపణ పత్రం ప్రతి ముద్దాయికీ విడివిడిగా అందజేయాలి. సంజాయిషీ చెప్పుకోవడానికి తగినంత గడువివ్వాలి. ఆ గడువు తీరేలోపు మడిలో ఉన్న తోటకూర కోతకొచ్చి, కట్టలై, సంతలో అమ్ముడైపోయి, ఎవరింటి పొయ్యి మీదో ఉడుకుతూ ఉంటుంది. ముద్దాయి పరారీ. అదే మడిలో కొత్త విత్తనాలు మొలుస్తాయి.

"మరి కొత్తవి ఏ నేరం చేశాయి?" అని చైర్మన్ గారు ఒకసారి పిలిచి అడిగాడు. "వాటిని వదిలెయ్యొచ్చుగా?"

"నేరం చేసింది మొక్కలు కాదు సార్, జన్యువులు," అన్నాడు జోగినాథం. "అవే జన్యువులు విత్తనాల్లోంచి వీటికి వచ్చాయి. ఈ మాట నేను శాస్త్రవేత్తగా ధ్రువీకరించగలను. సస్పెన్షన్ వంశపారంపర్యం."

"మరి మెమోలు?"

"మొక్కకొకటి చొప్పున మళ్ళీ మొదటి నుంచి ఇవ్వాలి సార్. సహజన్యాయం."

చైర్మన్ గారు తల పట్టుకున్నాడు. ఆ ఏడాది జోగినాథానికి రావాల్సిన ప్రమోషన్ ఆపేసి, 'మందకొడి, నిర్ణయాలు తీసుకోలేడు' అని ఆయన పేరు పక్కన రాశాడు. జోగినాథం ఆ మాటని ఇంట్లో నీలవేణికి చదివి వినిపించాడు, పరీక్ష పాసైన కుర్రాడిలా.

ఒక ఆదివారం మధ్యాహ్నం దాలమ్మ తోటకూర కట్ట పట్టుకుని ఇంటికే వచ్చింది. ఆకు మీద ఒక్క మచ్చ లేదు. జోగినాథం ఆ కట్టని చేతులారా తడిమి చూసి, బరువుగా నిట్టూర్చి వెనక్కి ఇచ్చాడు.

"వద్దు దాలమ్మా. విచారణాధికారిని నేను. ఇది ముద్దాయి. ఇంట్లో పెట్టుకోకూడదు."

"ముద్దాయో మూకుడో నాకు తెల్దు. మా ఇంటి కూర. తినండి బావూ," అని దాలమ్మ ఆ కట్టని నీలవేణి చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

నీలవేణికి సర్వీసు నిబంధనలతో పనిలేదు. ఇంగువ పోపు వేసి పులుసు పెట్టింది. వేడివేడిగా వడ్డించింది. జోగినాథం ఎదురుగా ఉన్న ముద్దాయిని కాసేపు తర్జనభర్జన పడుతూ చూశాడు. అన్నంలో కలిపాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆయన కళ్ళు మూసుకుపోయాయి. ఎన్ని పేజీల నివేదిక రాసినా ఈ రుచి అందులోకి ఎక్కలేదు.

సరిగ్గా అప్పుడే చైర్మన్ గారి దగ్గర నుంచి ఫోను.

"డాక్టర్ గారూ, కూరలవలస విచారణ ఎంతవరకు వచ్చింది? ఎప్పుడు ముగిస్తారు?"

"ఇప్పుడు ఆ పనిమీదే ఉన్నాను సార్," అన్నాడు జోగినాథం ముద్ద మింగి. "ముద్దాయిలు నా ఎదురుగానే ఉన్నాయి. ఒక్కొక్కటిగా లోతుగా పరిశీలిస్తున్నాను."

ఫోను పెట్టేశాడు. నీలవేణి గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"ఇంకాస్త వెయ్యనా?"

"వెయ్యి," అన్నాడు జోగినాథం కంచం ముందుకు జరిపి. "విచారణ ఇంకా పూర్తి కాలేదు."